పనిచేసే చేతికి పట్టిన తిమ్మిరి
మోచేయి, మణికట్టు నాడుల బాధ – కారణాలు, గృహచికిత్సలు, జాగ్రత్తలు

విశాఖపట్నం శివారు గ్రామంగా ఉండిన గాజువాక చేతి శ్రమ మీద ఎదిగిన ఊరు. సమీపాన సింధియా సంస్థ 1941లో నెలకొల్పిన నౌకా నిర్మాణ కేంద్రం నుండి 1948లో ‘జల ఉష’ నౌక జలప్రవేశం చేసింది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో జరిగిన మహోద్యమ ఫలితంగా 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992లో ఆ కర్మాగారం జాతికి అంకితమైంది. దాని వెంట ఆటోనగర్‌లోని చిన్న పరిశ్రమలు, మరమ్మతు షెడ్లు, లేతు యంత్రాలు, వెల్డింగు దుకాణాలు వర్ధిల్లాయి. నేడు ఈ ప్రాంతంలో గ్రైండరు పట్టే చేయి ఉన్నది, స్పానరు తిప్పే చేయి ఉన్నది, కుట్టుమిషను మీద గుడ్డ జరిపే చేయి ఉన్నది, కంప్యూటరు మీటలు నొక్కే చేయి ఉన్నది. వీరందరి ఇండ్లలోనూ బట్టలు పిండి, కూరలు తరిగి, చపాతీ పిండి మర్దించే గృహిణి చేయి ఉన్నది.

ఈ చేతులన్నింటికీ సామాన్యమైన బాధ ఒకటి ఉన్నది. అర్ధరాత్రి చేయి మొద్దుబారి మెలకువ వస్తుంది. లేచి కూర్చుని చేయి దులిపితే కొంత ఉపశమిస్తుంది. కొందరికి మోచేయి లోపలి వైపు నుండి చిటికెన వేలి వరకు జివ్వుమని లాగుతుంది. మరికొందరికి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు సూదులతో గుచ్చినట్లు ఉంటాయి. కొంతకాలానికి పట్టుకున్న గ్లాసు జారిపోతుంది, చొక్కా బొత్తాము పెట్టుకోవడం కష్టమవుతుంది.

ఇటువంటి బాధ రాగానే మన ఇండ్లలో సాధారణంగా మూడు పనులు జరుగుతాయి. రాత్రి నూనె రాసి కాపడం పెడతారు. నొప్పి మాత్ర వేసుకుంటారు. ‘నరాల బలహీనత’ అని విటమిను మాత్రలు కొని తెచ్చుకుంటారు. తెల్లవారగానే అదే చేయి, అదే భంగిమలో, అదే పనికి వెళుతుంది. రాత్రి వేసిన మందు పగలు చేసిన పనిని ఓడించలేదు. ఈ వ్యాసంలో నూనెలు, కాపడాలు, పథ్యం అన్నీ వివరిస్తాము. అయితే వాటన్నింటికంటె ముందు, చేయి ఎక్కడ నలుగుతున్నదో కనిపెట్టి ఆ నలుగుడును తగ్గించడమే మొదటి ఔషధమని పాఠకులు గుర్తించవలెను.

మీ వృత్తి ఏమిటి?

ఇటలీ దేశానికి చెందిన బెర్నార్డినో రమజ్జీని అనే వైద్యుడు 1700లో వృత్తుల వల్ల కలిగే వ్యాధులపై ఒక గ్రంథం వెలువరించాడు. రోగిని అడగవలసిన ప్రశ్నలలో ‘నీవు చేసే పని ఏమిటి?’ అన్న ప్రశ్నను వైద్యులు తప్పక చేర్చుకొనవలెనని ఆయన సూచించాడు. దినమంతా రాత పనిచేసే గుమాస్తాల బాధకు ఆయన మూడు కారణాలు చెప్పాడు: కదలకుండా కూర్చొనడం, చేతిని ఎడతెగక ఒకే తీరున కదపడం, తప్పు దొర్లకూడదన్న మానసిక శ్రమ. ఆయన ఎరిగిన ఒక లేఖకునికి కుడిచేయి చచ్చుబడగా, అతడు ఎడమచేతితో రాయడం అభ్యసించాడట. కొద్దికాలానికే ఎడమ చేతికీ అదే వ్యాధి సంక్రమించింది.

మూడు శతాబ్దాల నాటి ఈ ఉదంతంలో మనకు గొప్ప పాఠమున్నది. పనితీరు మారనంతవరకు చేయి మార్చినంత మాత్రాన ప్రయోజనముండదు.

ఆయుర్వేద దృక్పథం

చేతులకు కలిగే ఇటువంటి బాధలను ఆయుర్వేదం వాతవ్యాధులలో చేర్చింది. చరక సంహిత చికిత్సాస్థానంలోని 28వ అధ్యాయం వాతవ్యాధులకే కేటాయింపబడినది. రూక్షమైన, చల్లని, అల్పమైన ఆహారం, రాత్రి జాగరణ, అతి వ్యాయామం, శరీరావయవాలను అతిగా కదిలించడం వాత ప్రకోపానికి కారణాలని అందులో కలదు. రాత్రి షిఫ్టు చేసి, వేళతప్పి భోజనం చేసి, ఒకే చేతితో వేలసార్లు ఒకే పని చేసే నేటి శ్రామికుని దినచర్యలో ఈ కారణాలలో చాలా భాగం కనిపిస్తాయి.

సుశ్రుతుడు ‘విశ్వాచి’ అనే వ్యాధిని వర్ణించాడు. బాహువు వెనుక భాగం నుండి అరచేతికీ, వేళ్లకూ వ్యాపించిన కండరలను వాతం దూషించి, చేయి తన పని చేయలేని స్థితి కలిగించడం దాని లక్షణం. శరీరంలోని 107 మర్మస్థానాలలో మోచేయిని ‘కూర్పర’ మర్మమనీ, మణికట్టును ‘మణిబంధ’ మర్మమనీ ఆయన పేర్కొన్నాడు. కూర్పరం దెబ్బతింటే వైకల్యం, మణిబంధం దెబ్బతింటే తీవ్రమైన నొప్పి, చేయి పనిచేయని స్థితి కలుగుతాయని హెచ్చరించాడు.

వాతం ప్రకోపించడానికి ధాతువులు క్షీణించడం, సంచార మార్గం నిరోధింపబడడం అని రెండు దారులను చరకుడు నిరూపించాడు. ప్రాచీనులు చెప్పిన కండరలూ, నేటి వైద్యులు చెప్పే నాడులూ ఒకటేనని అనలేము. అయితే ఇరుకైన మార్గంలో నాడి నలిగి బాధ కలుగుతుందన్న ఆధునిక వివరణకూ, మార్గం మూసుకుంటే వాతం ప్రకోపిస్తుందన్న చరకుని ఆలోచనకూ మధ్య పోలిక గమనింపదగినది. చికిత్స విషయంలోనూ ఉభయులకూ ఏకాభిప్రాయమున్నది. వ్యాధికి కారణమైన దానిని వదలిపెట్టడమే సంక్షేపంగా చికిత్స అని ఆయుర్వేదం బోధిస్తుంది. దీనినే ‘నిదాన పరివర్జనం’ అంటారు.

ఏ నాడి నలుగుతున్నది?

మన వాడుకలో రక్తం ప్రవహించే సిరకూ, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువుకూ, స్పర్శను తెలిపే నాడికీ ‘నరం’ అన్న ఒకే మాట ఉన్నది. అందువల్ల చేతి నొప్పులన్నీ ‘నరాల నొప్పి’ అయిపోతాయి. వీటిని వేరుచేసి తెలుసుకుంటే చికిత్స సులభమవుతుంది.

మోచేయి వద్ద: మోచేయి లోపలి వైపున పొడుచుకు వచ్చిన ఎముక వెనుక గాడిలో అల్నార్ నాడి సాగుతుంది. గోడకు మోచేయి తగిలినప్పుడు కరెంటు కొట్టినట్లు జివ్వుమనేది ఈ నాడే. మోచేయి ఎంత మడిస్తే ఈ నాడి అంత సాగి, అంత ఒత్తుకుంటుంది. ఇది నలిగితే చిటికెన వేలు, దాని వైపునున్న ఉంగరపు వేలి సగభాగం తిమ్మిరెక్కుతాయి. బల్ల అంచుకు మోచేయి ఆనించేవారికి, సెల్‌ఫోను చెవికి ఆనించి గంటల తరబడి మాట్లాడేవారికి, చేయి మడిచి తలకింద పెట్టుకుని నిద్రించేవారికి ఇది తరచుగా కలుగుతుంది.

మణికట్టు వద్ద: మణికట్టులో ఎముకలకూ, వాటిపైన వంతెన వలె ఉన్న దళసరి పట్టీకీ నడుమ ఒక సన్నని సొరంగమున్నది. దీనినే కార్పల్ టన్నెల్ అంటారు. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులతోపాటు మీడియన్ నాడి దానిగుండా సాగుతుంది. చేతికి విశ్రాంతి లేక లోపల వాపు చేరితే, ముందుగా నలిగేది నాడియే. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. రాత్రులందు బాధ హెచ్చుగా ఉంటుంది. గర్భిణులలో, మధుమేహం, థైరాయిడ్ లోపం, కీళ్లవాతం కలవారిలో ఇది ఎక్కువ.

మోచేయి వెలుపలి వైపు: బట్ట పిండినప్పుడు, నిండు గిన్నె ఎత్తినప్పుడు మోచేయి బయటి ఎముక వద్ద కలుక్కుమంటే, అది చాలావరకు స్నాయువుకు సంబంధించిన బాధ. టెన్నిస్ ఎల్బో అని దీనికి పేరు. టెన్నిస్ బంతిని ఎన్నడూ ముట్టనివారికే ఇది ఎక్కువగా వస్తుంది. దీనిలో సాధారణంగా తిమ్మిరి ఉండదు.

అదిరే యంత్రాల వల్ల: గ్రైండరు, సుత్తియంత్రం, రాతిని తొలిచే యంత్రం పట్టేవారి వేళ్లలోని చిన్న రక్తనాళాలూ, నాడులూ కాలక్రమాన దెబ్బతింటాయి. అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు 1918లో సున్నపురాతి గనుల శ్రామికులను పరీక్షించి, చలిలో వారి వేళ్లు తెల్లగా పాలిపోవడాన్ని వెల్లడించింది. మన వంటి ఉష్ణప్రాంతాలలో వేళ్లు పాలిపోవడం అంతగా కనిపించదు. తిమ్మిరి, స్పర్శ మందగించడమే ముందుగా తెలుస్తాయి. కనుక ‘వేళ్లు తెల్లబడలేదు గదా’ అని ఉపేక్షింపరాదు.

ఇంటివద్ద చిన్న పరీక్ష

రెండు చేతుల వెనుక భాగాలను ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేలవైపు ఉండేటట్లు మణికట్లు వంచి 1 నిమిషం ఉంచవలెను. బొటనవేలి వైపు తిమ్మిరి మొదలైతే మణికట్టు వద్ద నాడి నలుగుతున్నదని అనుమానింపవచ్చును. అదేవిధంగా మోచేతిని పూర్తిగా మడిచి 1 నిమిషం ఉంచినప్పుడు చిటికెన వేలు తిమ్మిరెక్కితే లోపం మోచేయి వద్ద ఉండవచ్చును. మెడ తిప్పినప్పుడు చేతిలోకి నొప్పి పాకితే మూలం మెడలో ఉండే అవకాశమున్నది. ఈ పరీక్షలు సూచన కొరకు మాత్రమే. నిర్ధారణ వైద్యుడే చేయవలెను.

మొదటి ఔషధం – పనిలో మార్పు

‘పని మానుకోండి’ అని చెప్పడం సులభం. ఆ పని మీదనే పిల్లల చదువు, ఇంటి అద్దె ఆధారపడినప్పుడు అది ఆచరణ సాధ్యం కాదు. పనిని పూర్తిగా మానలేకపోయినా, అది చేతిని పెట్టే హింసను తగ్గించుకొనవచ్చును.

1. ప్రతి అరగంటకు ఒకటి రెండు నిమిషాలు చేతిని పూర్తిగా వదలివేయవలెను. వేళ్లు చాచి, పిడికిలి మూసి, మెల్లగా 5 సార్లు చేయవలెను. సాయంత్రం ఒక్కసారిగా తీసుకునే దీర్ఘ విశ్రాంతికంటె నడుమ నడుమ తీసుకునే ఈ చిన్న విరామాలు మేలు.

2. కుట్టుమిషను, కంప్యూటరు వద్ద మోచేయి లంబకోణం కంటె కొంచెం తెరుచుకుని ఉండునట్లు పీట ఎత్తు సవరించుకొనవలెను. మణికట్టు పైకీ కిందికీ వంగక తిన్నగా ఉండవలెను. బల్ల అంచున మడిచిన తువ్వాలు పరచుకొనవలెను.

3. సన్నని పిడిని గట్టిగా పట్టుకొనవలసి వస్తుంది. స్పానరు, కత్తెర, అట్లకాడ వంటి వాటి పిడికి గుడ్డ గానీ రబ్బరు గానీ చుట్టి లావు చేసుకొనవలెను. మొద్దు కత్తెరకూ, మొద్దు కత్తిపీటకూ పదును పెట్టించడం కూడా వైద్యమే.

4. గ్రైండరు పట్టేవారు అరిగిన చక్రాన్ని వెంటనే మార్చవలెను. యంత్రం చేజారకుండా ఉండేంత పట్టు చాలును, అంతకుమించి బిగించరాదు. ఒకే వ్యక్తి రోజంతా పట్టక, ఇద్దరు ముగ్గురు వంతులవారీగా చేయునట్లు మేస్త్రీతో మాట్లాడుకొనవలెను. పొగతాగడం వేళ్లకు రక్తప్రసారాన్ని తగ్గిస్తుంది కనుక మానివేయవలెను.

5. ఇంటిలో బరువైన దుప్పట్లు పిండే పని, పిండి మర్దించే పని గృహిణి ఒక్కరి మీదనే వేయరాదు. కుటుంబ సభ్యులు పంచుకొనవలెను.

రాత్రి వేళ నాడికి విశ్రాంతి

నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు, మోచేయి ముడుచుకుంటాయి. మణికట్టు బాధ కలవారు దానిని తిన్నగా నిలిపే పట్టీని మందుల దుకాణంలో కొని, రాత్రులందు ధరింపవలెను. కనీసం 6 వారాలు వాడి చూడవలెను. పట్టీని వేళ్లు ఉబ్బేంత గట్టిగా బిగించరాదు. మోచేయి బాధ కలవారు మెత్తని తువ్వాలును మోచేతి చుట్టూ వదులుగా చుట్టి కట్టుకుంటే, చేయి పూర్తిగా మడతపడదు. ఖర్చు లేని ఈ ఉపాయం వల్ల అనేకులకు నిద్ర పడుతుంది.

గృహచికిత్సలు

వావిలి తైలం: వాతహరమైన వావిలి మన ప్రాంతంలో కాలువల గట్ల మీద, కంచెల వెంట విస్తారంగా దొరుకుతుంది. నువ్వుల నూనె 250 మి.లీ., వావిలాకు రసం 1 లీటరు, వావిలాకు ముద్ద 60 గ్రాములు కలిపి, అడుగు మందమైన పాత్రలో సన్నని మంటపై కాచవలెను. మాడకుండా కలుపుతుండవలెను. తడి ఇంకి, నూనెపై నురుగు లేచి, ముద్దను వేళ్ల మధ్య నలిపితే వత్తివలె అయినప్పుడు దింపి, వడగట్టి సీసాలో భద్రపరచవలెను. ఆ ముద్దను కొద్దిగా మంటలో వేసినప్పుడు చిటపటమనకపోతే తడి పూర్తిగా పోయినదని గుర్తు. ఈ తైలాన్ని గోరువెచ్చగా చేసి, దండచేతి నుండి వేళ్ల వరకు 10 నిమిషాలు మృదువుగా రాయవలెను. నాడి నలిగిన చోట బొటనవేలితో గట్టిగా నొక్కరాదు, గుద్దించరాదు. మర్మస్థానాల విషయంలో సుశ్రుతుని హెచ్చరికను మరువరాదు.

వావిలి దొరకనివారు వట్టి నువ్వుల నూనెనే వాడవచ్చును. వైద్యుని సలహాపై మహానారాయణ తైలం, క్షీరబలా తైలం, మహామాష తైలం వంటివి వాడుకొనవచ్చును.

కాపడం: నూనె రాసిన అరగంటకు, వావిలాకును నువ్వుల నూనెలో వేయించి గుడ్డలో మూటకట్టి, లేక రాతి ఉప్పును వేయించి మూటకట్టి, ముంజేతికీ మోచేతి చుట్టూ గోరువెచ్చని కాపడం పెట్టవలెను. మూట వేడిని తిమ్మిరెక్కిన చేతితో చూడరాదు. స్పర్శ తగ్గిన చేతికి కాలుతున్న సంగతి తెలియదు. బాగున్న చేతితోనో, ఇంటిలో మరొకరి చేతనో చూపించుకొనవలెను. మధుమేహ రోగులు ఈ విషయంలో మరింత జాగరూకులై ఉండవలెను. ఎర్రగా వాచి, వేడిగా ఉన్న కీలుకు కాపడం పనికిరాదు.

వెల్లుల్లి పాలు: నాలుగైదు వెల్లుల్లి రేకులను నలిపి, ఒక కప్పు పాలు, ఒక కప్పు నీరు కలిపి, పాలు మాత్రమే మిగిలేవరకు కాచి, వడగట్టి రాత్రిపూట తాగవచ్చును. వాతవ్యాధులలో ఇది చిరకాలంగా వాడుకలో ఉన్నది. కడుపులో మంట, పుండు కలవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు దీనిని తీసుకొనరాదు.

పథ్యం: వేళకు వేడి భోజనం ముఖ్యం. మినుములు, గోధుమ, పాలు, నెయ్యి, నువ్వులు, మునగకాయ హితకరం. చల్లని పదార్థాలు, ఎండు తిండి, అతి ఉపవాసం, మలమూత్ర వేగాలను ఆపుకొనడం అహితం. రాత్రి షిఫ్టు చేసేవారు పగటి నిద్రను చీకటి గదిలో పూర్తిగా పోవలెను.

ఇక్కడ ఒక నిజం చెప్పక తప్పదు. నూనె, కాపడం నొప్పిని, బిగువును ఉపశమింపజేస్తాయి. నలుగుతున్న నాడిపై ఒత్తిడిని అవి తొలగించలేవు. విటమిను మాత్రల సంగతీ అంతే. బి12 లోపం పరీక్షలో తేలితే అవి అవసరం. లోపం లేకుండా బి6 మాత్రలను అధికంగా, చిరకాలం మింగితే, దాని వల్లనే నాడులు చెడి తిమ్మిరి రాగలదు. యోగరాజ గుగ్గులు, మహారాస్నాది కషాయం వంటి ఔషధాలు వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. పాదరసం, నాభి కలిసిన రసౌషధాలను స్వయంగా కొని వాడడం అపాయకరం. పేరు, కూర్పు తెలియని పొడులలో స్టిరాయిడ్లు కలిసి ఉండవచ్చును. వాటి జోలికి పోరాదు.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

అప్పుడప్పుడు వచ్చే తిమ్మిరి ఎల్లవేళలా నిలిచిపోతే, వస్తువులు చేజారుతుంటే, బొటనవేలి మూలనున్న కండ గానీ, బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ ఉబ్బుగా ఉండే కండ గానీ కరిగి గుంట పడుతుంటే, గృహచికిత్సలతో కాలక్షేపం చేయరాదు. నాడీ పరీక్ష చేయించుకొనవలెను. అవసరమైతే మణికట్టు సొరంగాన్ని వదులు చేసే శస్త్రచికిత్సకు వెనుకాడరాదు. దెబ్బతిన్న నాడి తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. మోచేతి నుండి అరచేతి వరకు 30 సెంటీమీటర్లనుకుంటే, కోలుకోవడానికి దాదాపు 300 రోజులు పడుతుంది. ఆలోగా కండ పూర్తిగా కరిగిపోతే, నాడి బాగుపడినా చేయి బాగుపడకపోవచ్చును.

మరొక ముఖ్య విషయం. చర్మంపై స్పర్శ లేని పాలిపోయిన మచ్చలు, మోచేయి వెనుక తాడువలె లావెక్కిన నాడి, చిటికెన వేలు వంకర తిరగడం కుష్ఠువ్యాధి లక్షణాలు కావచ్చును. కుష్ఠువు ఎక్కువగా దెబ్బతీసే నాడులలో మోచేతి అల్నార్ నాడి ఒకటి. దీనిని దాచుకోవలసిన పని లేదు. ప్రభుత్వాసుపత్రులలో మందులు ఉచితంగా ఇస్తారు. సకాలంలో వాడితే వ్యాధి నయమవుతుంది, వైకల్యం రాదు. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రిలో గానీ, సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ చూపించుకొనవచ్చును.

ఛాతీ నొప్పి, చెమటలతో ఎడమచేయి లాగినా, హఠాత్తుగా చేయి పడిపోయి మాట తడబడినా, మూతి వంకర పోయినా అది పని వల్ల వచ్చిన తిమ్మిరి కాదు. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరవలెను.

ముగింపు

వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ‘చేయి నొప్పి’ అని మాత్రమే చెప్పి ఊరుకొనకండి. ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నవి, ఏ వేళ హెచ్చుతుంది, ఏ పని చేస్తారు, ఏ పనిముట్టు పట్టుకుంటారు, రోజుకు ఎన్ని గంటలు పట్టుకుంటారు అన్న వివరాలు ఒక కాగితంపై రాసుకుని వెళ్లండి. వీలైతే పనిచేసే భంగిమను చేసి చూపండి. రమజ్జీని కోరిన ప్రశ్నను వైద్యుడు అడగకపోయినా, సమాధానం మీరే చెప్పండి. నూనె సీసా పక్కన మణికట్టు పట్టీ, కాపడం మూటకంటె ముందు పనిలో విరామం – ఈ క్రమం పాటిస్తే తొలిదశలో ఉన్నవారిలో చాలామందికి చేయి మళ్లీ స్వాధీనంలోకి వస్తుంది. సంసారాన్ని మోసే చేతికి ఆ మాత్రం సేవ చేయడం ఇంటిల్లిపాది బాధ్యత.